అమెరికా అధ్యక్షుడికి ప్రభుత్వ సంస్థల పునర్వ్యవస్థీకరణ అధికారం ఇచ్చే బిల్లును చదవడం ఎలా?

అమెరికా సమాఖ్య ప్రభుత్వంలోని సంస్థలను కలపడానికో, విడదీయడానికో, ఎత్తివేయడానికో అధ్యక్షుడికి ప్రత్యేకాధికారం ఇవ్వాలన్న బిల్లు కొన్నేళ్లకొకసారి కాంగ్రెస్ ముందుకు, అంటే ప్రతినిధుల సభ, సెనేట్ అనే రెండు సభలున్న అమెరికా చట్టసభ ముందుకు, వస్తూనే ఉంటుంది. వచ్చిన ప్రతిసారీ ఒక పక్షం దాన్ని దుబారాకు కళ్లెం వేసే సంస్కరణ అంటుంది, మరో పక్షం ఏకవ్యక్తి పాలనకు తలుపులు తెరవడమే అంటుంది. ఈ రెండు మాటల్లో ఏది ఎంతవరకు నిజమో తేల్చుకోవడానికి న్యాయశాస్త్ర పాండిత్యం అక్కర లేదు. బిల్లులో ముందుగా ఎక్కడ చూడాలో, ఏ మాట దగ్గర ఆగాలో తెలిస్తే చాలు. నా మటుకు నేను మొదట వెతికేది ఒకే ప్రశ్నకు జవాబు: సంస్థల్లో తాను కోరే మార్పులను ప్రణాళికగా రాసి అధ్యక్షుడు కాంగ్రెస్‌కు పంపిన తరువాత కాంగ్రెస్ ఉలుకూ పలుకూ లేకుండా ఊరుకుంటే ఆ ప్రణాళిక ఏమవుతుంది? దానంతట అదే అమలులోకి వస్తుందా, దానంతట అదే వీగిపోతుందా?

పాత చట్టాన్ని ఎదురుగా పెట్టుకోండి

ఇలాంటి బిల్లులు చూడడానికి చాలా చిన్నవిగా ఉంటాయి. రెండు మూడు పేజీలు చదివి ఇందులో ఏముందిలే అనుకోవడం తేలిక. అవి చిన్నవిగా ఉండడానికి కారణం, అవి పూర్తి చట్టాలు కాకుండా ఉన్న చట్టానికి సవరణలు కావడమే. ఫలానా సెక్షన్‌లో ఈ మాటలు తీసివేయాలి, వాటి స్థానంలో ఈ మాటలు చేర్చాలి అని మాత్రమే అవి చెబుతాయి. కాబట్టి అమెరికా సమాఖ్య చట్టాల సంకలనమైన యు.ఎస్. కోడ్‌లో 5వ టైటిల్ తీసి, అందులోని 9వ అధ్యాయాన్ని, అంటే 901 నుంచి 912 వరకు ఉన్న సెక్షన్లను, కాగితం మీద అచ్చు తీసుకోండి. ఈ అధ్యాయం ఇచ్చే అధికారానికి గడువు తీరి నాలుగు దశాబ్దాలైనా చట్టం పాఠం మాత్రం సంకలనంలో అలాగే ఉంది. బిల్లు తీసివేయమన్న మాటలను ఆ కాగితం మీద కొట్టివేసి, చేర్చమన్న మాటలను పైన రాసుకుంటే, ఆ రెండు మూడు పేజీల బరువెంతో అప్పుడు తెలుస్తుంది. కొట్టివేత ఒక్కోసారి పది మాటలకు మించదు, కానీ ఆ పది మాటలే అధ్యక్షుడి చేతిని పట్టి ఆపుతున్న నిషేధం కావచ్చు.

ఆ పని మొదలుపెట్టే ముందు, అసలు అధ్యక్షుడికి ఈ అధికారాన్ని చట్టం ఎందుకు ఇవ్వవలసి వస్తుందో గుర్తు చేసుకోవాలి. అమెరికా రాజ్యాంగం శాఖల ప్రస్తావన తెస్తుంది గానీ వాటిని ఏర్పాటు చేయదు. వాటి అధిపతుల నుంచి లిఖితపూర్వకంగా అభిప్రాయం అడిగే హక్కును, సెనేట్ సమ్మతితో వారిని నియమించే అధికారాన్ని అధ్యక్షుడికి ఇస్తుంది. శాఖలను సృష్టించే పని 1789లో మొదటి మూడింటి నుంచి, అంటే నేటి విదేశాంగ శాఖగా మారిన విదేశీ వ్యవహారాల శాఖ, యుద్ధ శాఖ, ఖజానా శాఖల నుంచి, కాంగ్రెస్ చట్టాల ద్వారానే జరుగుతూ వచ్చింది. చట్టం పుట్టించిన దాన్ని చట్టమే తీయాలి. అధ్యక్షుడి కార్యనిర్వాహక ఉత్తర్వు ఎంత గట్టిగా ఉన్నా చట్టాన్ని చెరపలేదు.

అందువల్ల ఏ సంస్థ గురించి వివాదం వచ్చినా, అది ఎలా పుట్టిందో చూడడం మంచి అలవాటు. విద్యా శాఖ 1979 నాటి చట్టంతో పుట్టింది, కాబట్టి దాని ఎత్తివేతకు మరో చట్టం కావాలి. అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ, అందరూ యూఎస్‌ఎయిడ్ అని పిలిచేది, 1961లో అధ్యక్షుడు కెన్నెడీ ఆదేశంతో మొదలైంది, కానీ 1998లో కాంగ్రెస్ దాన్ని చట్టంలోకి ఎక్కించింది. 2025లో ఆ సంస్థ ఎత్తివేత మీద నడిచిన వాదనల్లో చాలా ఈ రెండు తేదీల చుట్టూ తిరిగినవే. పర్యావరణ పరిరక్షణ సంస్థ కథ మరీ విచిత్రం. అంత పెద్ద సంస్థకు జన్మనిచ్చిన చట్టమంటూ లేదు. అది నిక్సన్ 1970లో పంపిన 3వ నంబరు పునర్వ్యవస్థీకరణ ప్రణాళికతో పుట్టింది. దాని దగ్గరకు చివర్లో మళ్లీ వద్దాం.

మౌనానికి అర్థం ఏమిటి?

ఇప్పుడు అసలు ప్రశ్న. దీన్ని అర్థం చేసుకోవడానికి గత శతాబ్దపు చట్టాలను వరుసగా చూడడం కన్నా మంచి మార్గం లేదు, ఎందుకంటే వాటిలో చాలా తేడాలు ఈ ఒక్క అంశం దగ్గరే ఉన్నాయి.

1932లో ఆర్థిక మాంద్యం నడుమ అప్పటి అధ్యక్షుడు హూవర్‌కు ఇచ్చిన అధికారం ప్రకారం, ఆయన ఉత్తర్వులు పంపిన 60 రోజుల్లోపు రెండు సభల్లో ఏ ఒక్కటి కాదన్నా అవి చెల్లవు. ఎన్నికల్లో ఓడిపోయి పదవి దిగబోతున్న హూవర్ ఆ డిసెంబరులో వరుసగా ఉత్తర్వులు పంపారు. ప్రతినిధుల సభ తరువాతి జనవరిలో వాటన్నిటినీ తోసిపుచ్చింది. కొత్తగా రాబోయే రూజ్‌వెల్ట్‌కు మాత్రం 1933 మార్చి నాటి చట్టం ఎంతో ఉదారంగా వ్యవహరించింది. ఆయన ఉత్తర్వును ఆపాలంటే కాంగ్రెస్ కొత్త చట్టమే చేయాలి, ఆ చట్టాన్ని ఆయన వీటో చేయవచ్చు, అంటే ఆచరణలో రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల మద్దతు ఉంటే తప్ప ఆయనకు అడ్డు లేదు. అధికారం పేరు అదే, విషయం అదే, ఒకే ఏడాది తేడా. కానీ ఒక చట్టంలో ఒక సభ గొంతు చాలు, మరో చట్టంలో రెండు సభలు గొంతు చించుకున్నా చాలదు.

1937లో రూజ్‌వెల్ట్ నియమించిన బ్రౌన్‌లో కమిటీ అధ్యక్షుడికి సాయం కావాలని నివేదిక ఇచ్చింది, 1938లో దాని ఆధారంగా వచ్చిన బిల్లు ప్రతినిధుల సభలో 204–196 ఓట్లతో వెనక్కి పోయింది. ఆ ఓటమి తరువాత తగ్గి రాసిన 1939 నాటి చట్టం మధ్యేమార్గం పట్టింది: 60 రోజుల్లో రెండు సభలూ కలిసి కాదంటే ప్రణాళిక ఆగుతుంది, లేకపోతే అమలవుతుంది. అధ్యక్షుడి కార్యనిర్వాహక కార్యాలయం ఈ చట్టం కింద వచ్చిన మొదటి ప్రణాళిక బిడ్డే. 1949 నాటి చట్టం మళ్లీ ఒక సభ చాలునన్నది. కొద్దిపాటి మార్పులతో, మధ్యమధ్య గడువు తీరిపోయి మళ్లీ ప్రాణం పోసుకుంటూ, ఈ పద్ధతి కార్టర్ కాలం వరకు నడిచింది. వీటన్నిటిలోనూ ఒక పోలిక గమనించండి: సభలు ఊరుకుంటే అది అంగీకారమే.

దీన్ని తలకిందులు చేసింది 1983 జూన్ 23న సుప్రీంకోర్టు చడ్డా కేసులో 7–2 మెజారిటీతో ఇచ్చిన తీర్పు. ఆ కేసు వలస చట్టానికి సంబంధించినది, సంస్థల పునర్వ్యవస్థీకరణ ఊసు అందులో లేదు. కానీ కాంగ్రెస్ శాసనపరంగా ఏ చర్య తీసుకున్నా అది రెండు సభల్లోనూ నెగ్గి అధ్యక్షుడి ముందుకు వెళ్లాలని, ఒక సభ తీర్మానంతో కార్యనిర్వాహక నిర్ణయాన్ని రద్దు చేసే లెజిస్లేటివ్ వీటో రాజ్యాంగ విరుద్ధమని కోర్టు చెప్పేసరికి, పునర్వ్యవస్థీకరణ చట్టాల పునాదే కదిలింది. పాత ప్రణాళికలతో ఏర్పడిన సంస్థలు, వాటికి బదిలీ అయిన అధికారాలు చెల్లుతాయా అన్న ప్రశ్న కోర్టులకు ఎక్కింది. 1978 నాటి ఒక ప్రణాళికతో సమాన ఉద్యోగావకాశాల కమిషన్‌కు దక్కిన అధికారం చెల్లదని ఒక అప్పీళ్ల కోర్టు తీర్పు కూడా ఇచ్చింది. దాంతో కాంగ్రెస్ 1984 అక్టోబరులో అప్పటివరకు అమలైన ప్రణాళికలన్నిటినీ ఒక్క చట్టంతో ఆమోదించి గండం గట్టెక్కించింది. కాబట్టి పాత ప్రణాళికలన్నీ చెల్లవని ఎవరైనా వాదిస్తే ఈ చట్టాన్ని చూపండి.

మరుసటి నెలలో వచ్చిన సవరణ చట్టమే ఇప్పుడు మీ ఎదుట ఉన్న పాఠం. అందులో 906వ సెక్షన్‌ను రెండుసార్లు చదవండి. ప్రణాళిక అందిన నాటి నుంచి నిర్ణీత 90 రోజుల్లో ఉభయ సభలూ సంయుక్త తీర్మానాన్ని నెగ్గించి, అధ్యక్షుడు దాని మీద సంతకం చేస్తేనే ప్రణాళిక అమలులోకి వస్తుంది. ఆ గడువు లోపల ఏ సభ అయినా తీర్మానం మీద ఏమీ తేల్చకపోతే దాన్ని తిరస్కరించినట్లే లెక్క. మౌనం అంగీకారం కాదు, నిరాకరణ. మీ చేతిలోని బిల్లు ఈ సెక్షన్‌ను ముట్టుకుందా లేదా అన్నది మొదటి పరీక్ష. ముట్టుకోకపోతే, అధ్యక్షుడు ఒంటరిగా సంస్థలను రద్దు చేయగలడన్న వార్త ఆ బిల్లు విషయంలో సరికాదు.

ఆమోదం తప్పనిసరి అయినప్పుడు ఇక ప్రత్యేకత ఏమిటి?

ఇది న్యాయమైన సందేహం. ఎలాగూ రెండు సభల ఓటు, సంతకం కావలసినప్పుడు మామూలు బిల్లుకూ దీనికీ తేడా ఏముంది? తేడా 908 నుంచి 912 వరకు ఉన్న సెక్షన్లలో దాగి ఉంది. అవి పొడిగా ఉంటాయి కాబట్టి చాలామంది దాటేస్తారు. నా దృష్టిలో ఈ అధికారం బలమంతా అక్కడే ఉంది.

మామూలు బిల్లును కమిటీ అధ్యక్షుడు బల్ల సొరుగులో పెట్టి మరిచిపోవచ్చు. ఇక్కడ 75 రోజుల్లో కమిటీ నివేదిక ఇవ్వకపోతే తీర్మానం కమిటీ చేతి నుంచి దానంతట అదే బయటపడి సభ ముందుకు వస్తుంది. మామూలు బిల్లుకు సభ్యులు సవరణలు తెస్తారు, తమ రాష్ట్రంలోని కార్యాలయాన్ని కాపాడుకుంటారు, బేరమాడతారు. ఇక్కడ సవరణలకు తావు లేదు, మొత్తం ప్రణాళికకు అవును అనాలి లేదా కాదు అనాలి. మామూలు బిల్లును సెనేట్‌లో ఆపదలచిన మైనారిటీ చర్చను సాగదీసి, 60 ఓట్లు ఉంటే తప్ప ముందుకు పోనివ్వదు. ఇక్కడ చర్చ 10 గంటలకు మించకూడదు, కాబట్టి సాధారణ మెజారిటీతోనే పని అయిపోతుంది. అంటే ముసాయిదా రాసే కలం అధ్యక్షుడి చేతికి, గడియారం ఆయన పక్షానికి వస్తాయి. సభల్లో ఆయన పార్టీకి స్వల్ప మెజారిటీ ఉన్న కాలంలో ఇది చిన్న వరం కాదు. ప్రతిపక్షం చేతిలో ఒక్క సభ ఉన్నా ఇదే వరం ఎందుకూ కొరగాదు. బిల్లును తూచేటప్పుడు అప్పటి సభల బలాబలాలను కూడా పక్కన రాసుకోవడం అందుకే.

ఇందులో ఒక మెలిక ఉంది. ఈ విధానాలు ప్రతి సభ తన నియమాలను తానే చేసుకునే అధికారం కింద పెట్టుకున్నవని, ఏ సభ అయినా ఎప్పుడైనా తన వరకు వాటిని మార్చుకోవచ్చని 908వ సెక్షన్ చెబుతుంది. రాతలో ఉన్న ఈ వేగమార్గం రాతిలో చెక్కినది కాదు.

క్రియాపదాలు, నిషేధాలు

తరువాత 903వ సెక్షన్‌లోని క్రియలను ఏరుకోండి: బదిలీ, రద్దు, విలీనం, సమన్వయం, అధికారాల అప్పగింత. వీటిలో రద్దు అన్న మాట రెండు చోట్ల రెండు రకాలుగా వస్తుంది. సంస్థ విధులను రద్దు చేయడం ఒకటి. విధులన్నీ తరలిపోయి ఖాళీ గూడుగా మిగిలిన సంస్థను రద్దు చేయడం మరొకటి. రెండోది ఇంటి సామాను తరలించాక తాళం వేయడం లాంటిది. మొదటిది సామానునే తగలబెట్టడం. అందుకే మొదటి దానికి ప్రస్తుత పాఠంలో ఒక కంచె ఉంది: చట్టాన్ని అమలుపరిచే విధిని గానీ, చట్టం ఏర్పరచిన కార్యక్రమాన్ని గానీ ప్రణాళిక రద్దు చేయరాదు. మీ బిల్లు ఈ కంచెను కొట్టివేస్తోందా అని చూడండి. కొట్టివేస్తే, సంస్థల అమరికను మార్చే అధికారం కాస్తా ప్రభుత్వం చేసే పనులనే తగ్గించే అధికారంగా మారుతుంది. రెండింటికీ పునర్వ్యవస్థీకరణ అనే పేరు పెట్టడంలోనే చాలా వాదవివాదాలు పుడుతున్నాయి.

905వ సెక్షన్ నిషేధాల జాబితా. ప్రణాళిక ద్వారా కొత్త మంత్రిత్వ స్థాయి శాఖను సృష్టించకూడదు, ఉన్న శాఖను గానీ స్వతంత్ర నియంత్రణ సంస్థను గానీ ఎత్తివేయకూడదు, రెండు శాఖలను కలపకూడదు, చట్టం ఇవ్వని కొత్త విధిని ఏ సంస్థకూ ఇవ్వకూడదు, ఒకదానితో ఒకటి పొందిక లేని అనేక విషయాలను ఒకే ప్రణాళికలో కుక్కకూడదు. వీటిలో కొన్నిటికి వెనుక కథలున్నాయి. కొత్త శాఖల నిషేధానికి మూలం కెన్నెడీ పంపిన ఒక ప్రణాళిక. పట్టణ వ్యవహారాలకు ఒక శాఖ కావాలని ఆయన కోరితే 1962లో ప్రతినిధుల సభ కాదన్నది. రెండేళ్ల తరువాత కాంగ్రెస్ ప్రణాళికల ద్వారా శాఖల సృష్టినే నిషేధించింది. గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ చివరకు 1965లో మామూలు చట్టంతోనే వచ్చింది.

ఇటీవలి రెండు ప్రతిపాదనలను ఈ సెక్షన్ దగ్గర పోల్చి చూడడం మంచి సాధన. 2012 జనవరిలో ఒబామా వాణిజ్య శాఖలోని ప్రధాన విభాగాలతో పాటు చిన్న వ్యాపారాల సంస్థ, వాణిజ్య ప్రతినిధి కార్యాలయం, ఎగుమతి దిగుమతి బ్యాంకు వంటి ఆరింటిని కలపడానికి ఈ అధికారం అడిగారు. ఆ బిల్లు శాఖల సృష్టికీ, రద్దుకూ కూడా దారి ఇస్తూనే, సంస్థల సంఖ్య తగ్గాలని, ఖర్చు మిగలాలని షరతు పెట్టింది. అది ముందుకు సాగలేదు. 2025 ఫిబ్రవరిలో ప్రతినిధుల సభలో జేమ్స్ కోమర్, సెనేట్‌లో మైక్ లీ ప్రవేశపెట్టిన రీఆర్గనైజింగ్ గవర్నమెంట్ యాక్ట్ ఆఫ్ 2025 శాఖల ఎత్తివేతకు దారి తెరవాలని, అధికారాన్ని 2026 డిసెంబరు 31 వరకు పునరుద్ధరించాలని ప్రతిపాదించింది, ఉభయ సభల ఆమోదం ఉండాలన్న నియమాన్ని మాత్రం ఉంచింది. ఒకటి డెమొక్రాట్ అధ్యక్షుడిది, ఒకటి రిపబ్లికన్లది. అయినా రెండూ సడలించాలనుకున్న నిషేధాలు చాలావరకు ఒకటే. పార్టీ పేరు చూసి కాక పాఠం చూసి తీర్పు చెప్పాలనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర లేదు.

డబ్బు సంగతి క్లుప్తంగానే చెప్పుకోవచ్చు. ఒక సంస్థ నుంచి మరో సంస్థకు పని మారితే మిగిలిన నిధులు కూడా వెంట వెళ్తాయి, కానీ అవి మొదట దేనికి కేటాయించారో దానికే ఖర్చు కావాలని 904 చెబుతుంది. పాత సంస్థ చేసిన నిబంధనలు, నడుస్తున్న దావాలు పునర్వ్యవస్థీకరణతో వాటంతట అవి అంతరించిపోవని 907 హామీ ఇస్తుంది.

రోజుల లెక్క

గడువులను మామూలు క్యాలెండరుతో లెక్కిస్తే తప్పుతారు. చట్టం చెప్పే 90 రోజులు కాంగ్రెస్ నిరంతర సమావేశ దినాలు. ఏ సభ అయినా మూడు రోజులకు మించి విరామం తీసుకుంటే ఆ రోజులు లెక్కలోకి రావు. సభలు నిరవధికంగా వాయిదా పడితే నిరంతరత తెగిపోతుంది. ఎన్నికల ఏడాది శరదృతువులో పంపిన ప్రణాళికకు 90 రోజులు దొరకడం దాదాపు అసాధ్యం. అధికారానికే ఉన్న తుది గడువు వేరు. అది 905లో ఉంది: ప్రణాళికను 1984 డిసెంబరు 31 లోపు పంపి ఉండాలి. ఆ గడువు తరువాత ఏ అధ్యక్షుడూ ఈ అధికారాన్ని తిరిగి పొందలేదు. బిల్లులో ఈ తేదీ ఎంత దూరం జరిగిందో చూస్తే, అధికారం ప్రస్తుత అధ్యక్షుడికి మాత్రమే ఉద్దేశించిందా, తరువాతి వారికీ చేరుతుందా అన్నది తెలిసిపోతుంది.

ఈ అధికారం లేని కాలంలో అధ్యక్షులు చేతులు ముడుచుకు కూర్చోలేదు. 2002లో 22 సంస్థలతో అంతర్గత భద్రతా శాఖను ఏర్పాటు చేసిన చట్టం వంటి వాటి ద్వారా నేరుగా పని కానిచ్చారు, లేదా ఉత్తర్వుల మీద ఆధారపడ్డారు. 2025 ఫిబ్రవరిలో సిబ్బంది తగ్గింపునకు, సంస్థల పునర్నిర్మాణానికి వచ్చిన ఉత్తర్వును కింది కోర్టు నిలిపివేసింది, జూలై 8న సుప్రీంకోర్టు ఆ నిలుపుదలను తాత్కాలికంగా తొలగించింది. అప్పుడు చాలామంది సంస్థల రద్దుకు కోర్టు పచ్చజెండా ఊపిందని రాశారు. కోర్టు చెప్పింది ఉత్తర్వు గురించి మాత్రమే. దాని కింద ఒక్కో సంస్థ తయారుచేసే ప్రణాళిక చట్టబద్ధమా కాదా అన్నది తాను తేల్చడం లేదని కోర్టు తన ఆదేశంలోనే స్పష్టం చేసింది.

పద్ధతి చేతికి అలవాటు కావాలంటే నిక్సన్ 1970 జూలైలో పంపిన 3వ నంబరు ప్రణాళికను 5వ టైటిల్ అనుబంధంలో తీసి చదవండి. కొన్ని పేజీలే. ఏ శాఖలోని ఏ కార్యాలయం పర్యావరణ పరిరక్షణ సంస్థకు మారుతుందో ఒక్కొక్కటీ పేరు పెట్టి చెబుతుంది, బదిలీ అన్న క్రియ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఆ తరువాత దాన్ని నేటి 905వ సెక్షన్ పక్కన పెట్టి 5వ నిషేధం చదవండి: ఏ శాఖలోనూ, ఏ స్వతంత్ర సంస్థలోనూ భాగం కాని కొత్త సంస్థను ప్రణాళిక ద్వారా సృష్టించరాదు. 1970 డిసెంబరు 2న పని మొదలుపెట్టిన ఆ సంస్థ, ఇప్పటి పాఠం అప్పుడే ఉండి ఉంటే, ఆ దారిలో పుట్టి ఉండేది కాదు.